ప్రశ్నలు – జవాబులు: పట్నం అంచున పాడీ పంటా

ప్రశ్న: డాలస్‌కు ఉత్తరాన కాలిన్ కౌంటీలో ఐదెకరాలు కొని కూరగాయలు, కోళ్లు, నాలుగు మేకలతో బతకడం సాధ్యమేనా? కౌంటీ అంతా పట్నమైపోయిందంటున్నారు. – ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: ఇదే బెంగ ఇంకా చాలా ఉత్తరాల్లో ఉంది. జనాభా చూసి జంకేవాళ్లు కొందరు, ఎకరం ధర చూసి మురిసేవాళ్లు కొందరు. చూడాల్సింది మాత్రం ఇద్దరూ చూడడం లేదు.

2020 జనగణనలో కాలిన్ జనాభా 10,64,465. అయినా తూర్పుకు, ఫార్మర్స్‌విల్, బ్లూ రిడ్జ్ వైపు వెళ్తే గడ్డి చుట్టలు, పశువులు ఇంకా కనిపిస్తాయి. టెక్సస్‌లో జోనింగ్, అంటే ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే నియమాలు, పెట్టే అధికారం నగరాలది. కౌంటీకి అది దాదాపు లేదు. కాబట్టి ఆ ఐదెకరాలు నగర పరిధిలో ఉన్నాయా, బయట ఉన్నాయా అన్నది మొదట తేల్చుకోవాలి.

బయట ఉంటే చాలని సంబరపడితే డీడ్ రిస్ట్రిక్షన్లు పట్టుకుంటాయి. ఎప్పుడో భూమిని ముక్కలు చేసి అమ్మినవాళ్లు పుంజులు వద్దు, పందులు వద్దు, రేకుల షెడ్డు వద్దు అని రాసిపెట్టిన షరతులు కౌంటీ క్లర్క్ రికార్డుల్లో ఉంటాయి. ఇవాళ కొన్నవాడికీ అవి వర్తిస్తాయి. సొంతూళ్లో అరెకరం కొనాలన్నా ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించి, సరిహద్దు రైతును పిలిచి కొలిపించే మనవాళ్లు ఇక్కడ డ్రోన్ వీడియో చూసి అడ్వాన్సు ఇచ్చేస్తున్నారు! అమెరికా వచ్చాక ఆ జాగ్రత్త ఏమైపోతుందో తెలియదు. ఈ షరతులు టైటిల్ కంపెనీ ఇచ్చే కాగితాల్లో షెడ్యూల్ బి కింద ఉంటాయి. అది చదవందే సంతకం పెట్టకూడదు.

ఇక నేల. ఇదంతా బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ. కర్నూలు, ఆదిలాబాద్ రైతులకు కొత్తగా చెప్పక్కర్లేని నల్లరేగడే. శాస్త్రవేత్తలు ఆ నేలనూ ఈ నేలనూ వర్టిసాల్ అనే ఒకే తరగతిలో వేస్తారు. ఒకప్పుడు ఇక్కడా పత్తే పండించారు. ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. కంచె స్తంభాలు ఒరుగుతాయి, ఇంటి పునాది కదులుతుంది. నీళ్లు త్వరగా ఇంకవు కనుక మామూలు సెప్టిక్ ట్యాంకు చాలాచోట్ల పనికిరాదు. గాలి పంపి శుద్ధి చేసి, ఆ నీటిని పెరట్లో చిమ్మే ఏరోబిక్ పద్ధతి పెట్టించాలి. నీళ్లు చిమ్మే జాగాలో తినే పంటలు వేయకూడదని రాష్ట్ర నిబంధన. ఇల్లు, దారి, ఆ జాగా పోగా తోటకు ఎంత మిగులుతుందో కాగితం మీద గీసుకోవాలి. ఆపిల్, పీచ్ మీద ఆశ ఉంటే ఇంకో సంగతి: పత్తి వేరుకుళ్లు తెగులు ఈ నేలలోనే దాగి ఉంటుంది. అది సోకితే ఎండాకాలంలో ఆకులు రాలకుండానే చెట్టు నిలువునా ఎండిపోతుంది.

నీళ్ల మాట అందరూ చివర అడుగుతారు, ముందడగాల్సింది అదే. ట్రినిటీ జలస్తరం ఇక్కడ చాలా లోతున ఉంది. బోరంటే ఉత్తర టెక్సస్ భూగర్భజల సంరక్షణ జిల్లా నియమాలు చూసుకోవాలి. పల్లెకు నీళ్లిచ్చే సంస్థ పైపు ఉంటే నయం; ఆ స్థలానికి మీటరు ఇస్తారని రాతలో తీసుకోవాలి.

తీర్పు: తూర్పు కొసన, నగర పరిధి బయట, షరతులు అడ్డురాని, నీటి మీటరు దొరికే స్థలమైతే కొనొచ్చు. వీటిలో ఒక్కటి తగ్గినా పక్కనున్న ఫానిన్, హంట్ కౌంటీల్లో వెతుక్కోవడం మేలు.

ప్రశ్న: నాలుగు మేకలు కట్టేస్తే ఆస్తి పన్ను తగ్గుతుందట, నిజమా? – ప్రోస్పర్

జవాబు: కొన్న మర్నాడే తగ్గదు. గడిచిన 7 ఏళ్లలో 5 ఏళ్లు ఆ భూమి సాగులో ఉండాలి. నగర పరిధిలో నియమం ఇంకా బిగుతు. 5 నుంచి 20 ఎకరాల వరకు తేనెటీగలు పెంచినా ఈ పన్ను తగ్గింపుకు అర్హత వస్తుంది. ఇల్లున్న జాగా ఇందులోకి రాదు. తర్వాత భూమిని వేరే వాడకానికి మారిస్తే 3 ఏళ్ల పన్ను తేడా కట్టాలి. పన్ను కోసమే మేకలు తెచ్చేవాళ్లు ముందు కొయొట్ల నుంచి వాటినెలా కాపాడాలో ఆలోచించడం మంచిది.

ప్రశ్న: సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో వ్యవసాయమా? పిచ్చి ఆలోచనేమో! – రెడ్‌మండ్

జవాబు: పిచ్చేం కాదు. అక్కడి జనాభా 22 లక్షల పైమాటే. అయినా 1979లోనే ఓటర్లు 5 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో కౌంటీ రైతుల భూమి జోలికి పోకుండా, దాని మీద ఇళ్లు కట్టే హక్కును మాత్రం కొనేసింది. అలాంటి పొలం దొరికితే అదృష్టమే, కానీ ముక్కలు చేసి లాభానికి అమ్మే ఆశ వదులుకోవాలి. స్నోక్వాల్మీ లోయలో వరద మామూలే. పశువులను, ట్రాక్టర్లను ఎక్కించడానికి రైతులు ఎత్తైన మట్టిదిబ్బలు పోయించుకున్నారు. వరద మ్యాపు చూడకుండా అక్కడ స్థలం కొనడం తప్పు.

ప్రశ్న: డాలస్‌లో కరివేపాకు, మునగ నేలలో నాటొచ్చా? – ప్లేనో

జవాబు: 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడింది. అంత చలిని ఇవి తట్టుకోలేవు కనుక కుండీలో పెంచి చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవాలి. ఫ్లారిడా చుట్టాల దగ్గర్నుంచి కరివేప మొక్క తెప్పించొద్దు, అదీ నిమ్మ కుటుంబానిదే కావడంతో నిమ్మజాతి తెగుళ్ల వల్ల దానికీ క్వారంటైన్ ఉంది.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, అమెరికా పౌరసత్వంతోనే శంకర్‌పల్లిలో రెండెకరాల పొలం కొంటే? – డెంటన్

జవాబు: కుదరదు. ఎన్నారైలు, ఓసీఐలు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు.