ఎయిర్‌బ్రష్‌తో నమూనాలకు రంగులు: తుంపర వెనుక విజ్ఞానం

విమానాలు, ఓడలు, రైలింజన్లు, రాకెట్ల చిన్న నమూనాలు చేయడం చాలామందికి ఇష్టమైన వ్యాపకం. నమూనాను ఎంత కచ్చితంగా అతికించినా, రంగు మందంగా పడితే అది ఆటబొమ్మలాగే కనిపిస్తుంది. ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుసుకుందాం. 1:72 నిష్పత్తిలో చేసిన విమానంపై కుంచె గీత 0.1 మిల్లీమీటరు ఎత్తున మిగిలిందనుకోండి. అసలు విమానంపై అది 7.2 మిల్లీమీటర్ల గట్టుతో సమానం. ఏ విమానం మీదా అలాంటి గట్లు ఉండవు కదా! రంగును పలుచని పొరలుగా, కుంచె తగలకుండా వేయడానికే ఎయిర్‌బ్రష్ వాడతారు.

ఎలా పనిచేస్తుంది?

ఇది కొత్త పరికరమేమీ కాదు. అమెరికాకు చెందిన అబ్నర్ పీలర్ 1879లోనే దీని తొలి రూపాల్లో ఒకదాన్ని తయారు చేశాడు. సూత్రం మనకు తెలిసిందే. దోమల మందు కొట్టే చేతి పంపులో గాలి వేగంగా దూసుకుపోయే చోట పీడనం తగ్గుతుంది. డబ్బాలోని మందు ఆ చోటికి ఎగబాకి తుంపరగా చెదురుతుంది. ఎయిర్‌బ్రష్‌లోనూ నాజిల్ చుట్టూ దూసుకొచ్చే గాలి రంగును లాగి, సన్నని బిందువులుగా విడగొడుతుంది.

నాజిల్ మధ్యలో మొన తేలిన సూది ఉంటుంది. అది వెనక్కి జరిగేకొద్దీ దారి తెరుచుకుని ఎక్కువ రంగు వస్తుంది. నమూనాల పనికి 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల నాజిళ్లు దొరుకుతాయి. కొత్తగా నేర్చుకునేవారికి 0.3 అనువైనది. ‘డబుల్ యాక్షన్’ రకంలో ట్రిగ్గర్‌ను కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వస్తాయి.

చిక్కదనం, పీడనం, దూరం

ఈ మూడింటినీ కలిపి చూసుకోవాలి. ఒకటి మారిస్తే మిగతావీ సరిచేసుకోవాల్సిందే.

రంగు వెన్న తీసిన పాలంత పలుచగా ఉండాలి. కప్పు గోడకు రాస్తే సన్నని పొర మిగిల్చి జారిపోవాలి. రంగు తయారీదారు సూచించిన థిన్నర్‌నే వాడండి. పీడనం 15 నుంచి 20 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. కారు టైరులో ఉండే గాలి పీడనంలో ఇది దాదాపు సగం. దూరం సాధారణంగా 5 నుంచి 10 సెంటీమీటర్లు. సన్నని గీతలకు ఇంకా దగ్గరగా పట్టుకుని, పీడనం తగ్గించాలి.

రంగు మరీ పలుచబడినా, పీడనం ఎక్కువైనా నమూనాపై రంగు సాలెపురుగు కాళ్లలా పాకుతుంది. చిక్కగా ఉంటే చుక్కలు చుక్కలుగా పడుతుంది. దూరం ఎక్కువైతే బిందువులు గాలిలోనే ఆరి, ఉపరితలం గరుకుగా తయారవుతుంది. ముందు పాత ప్లాస్టిక్ ముక్కపై పరీక్షించండి. చేయి కదలడం మొదలయ్యాకే రంగు వదలాలి. ఆపేటప్పుడు ముందు రంగు ఆపి, ఆ తర్వాత గాలి ఆపాలి.

మన వాతావరణంలో జాగ్రత్తలు

గాలిని కుదించినప్పుడు అందులోని నీటి ఆవిరి సాంద్రత పెరుగుతుంది. ఆ గాలి చల్లబడగానే ఆవిరి నీరుగా మారుతుంది. వానాకాలంలో, సముద్రతీర ప్రాంతాల్లో ఈ నీరు ఎక్కువగా చేరి, రంగుతో పాటు నమూనాపై చింది మరకలు పడతాయి. అందుకే గొట్టానికి తేమను ఒడిసిపట్టే ఫిల్టర్ ఉండాలి. దాన్నీ, కంప్రెసర్ ట్యాంకునూ తరచూ ఖాళీ చేయాలి. వేసవిలో సమస్య వేరు. అక్రిలిక్ రంగు సూది మొనపైనే ఆరిపోతుంది. ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపండి. మధ్యమధ్యలో థిన్నర్‌లో తడిపిన దూది పుల్లతో మొనను తుడవండి.

శుభ్రం చేసే పద్ధతి

ఎయిర్‌బ్రష్ మొరాయించడానికి చాలాసార్లు ఆరిపోయిన రంగే కారణం. రంగు మార్చిన ప్రతిసారీ కప్పు ఖాళీ చేసి తుడిచి, క్లీనర్ పోసి, రంగు కనిపించనంతవరకు మూత ఉన్న సీసాలోకి వదలండి. పని ముగిశాక సూదిని తీసి, మొన వైపుగా తుడవండి. నాజిల్‌ను సన్నని బ్రష్‌తో శుభ్రం చేయండి.

పరికరం మొత్తాన్ని థిన్నర్‌లో నానబెట్టకూడదు. లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. నాజిల్‌ను బలవంతంగా బిగిస్తే దాని సన్నని మరలు తెగిపోతాయి. తుంపర ఒక పక్కకు పోతుంటే సూది మొన వంగి ఉండవచ్చు. భూతద్దంతో చూడండి. కప్పులో బుడగలు వస్తుంటే నాజిల్ వదులుగా ఉందనో, మూసుకుపోయిందనో, పగిలిందనో అర్థం.

ఊపిరితిత్తుల సంగతి

నమూనాను అందంగా మార్చే సన్నని తుంపరే మనిషికి ముప్పు. 10 మైక్రాన్ల కంటే చిన్న బిందువులు ముక్కు వడపోతను దాటి ఊపిరితిత్తుల్లోకి చేరగలవు. నీటితో కలిపే రంగైనా అందులోని వర్ణకాలు, రెసిన్లు పీల్చదగినవి కావు. ఎన్95 మాస్కు కణాలను ఆపుతుంది కానీ థిన్నర్ ఆవిరిని ఆపలేదు. లాకర్, ఎనామెల్ రంగులు వాడేటప్పుడు సేంద్రియ ఆవిరులను పీల్చుకునే కార్ట్రిడ్జ్‌తో పాటు కణాలను ఆపే ఫిల్టర్ కూడా ఉన్న రెస్పిరేటర్ తప్పనిసరి. గుడ్డ మాస్కు ఇందుకు పనికిరాదు.

మూసిన గదిలో ఈ పని చేయకండి. తుంపరను బయటికి పంపే ఫ్యాన్ ఉన్న పెట్టె వాడండి. థిన్నర్ ఆవిరికి మండే గుణం ఉంది కాబట్టి పొయ్యి, అగరబత్తి, దీపం దగ్గరలో ఉండకూడదు. కాడ్మియం ఉన్న రంగులను తుంపరగా కొట్టకండి. గాలి వస్తున్న నాజిల్‌ను చర్మంపైకి, ముఖంపైకి గురిపెట్టకండి. పిల్లలు నీటి ఆధారిత రంగులతో, తగిన మాస్కు పెట్టుకుని, పెద్దల సమక్షంలోనే సాధన చేయాలి.

తొలిరోజే నమూనా జోలికి వెళ్లనక్కర్లేదు. నీటిలో కాస్త రంగు కలిపి, పాత కాగితంపై చుక్కలు, గీతలు వేస్తూ ట్రిగ్గర్‌పై వేలి పట్టు కుదిరాక అసలు పని మొదలుపెట్టండి.