దూరపు కొండల్లో ఒక సత్రం



'దూరపు కొండలు నునుపు' అనే సామెత మనందరికీ తెలుసు. బదిలీ కబురు వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. కొండ నునుపో గరుకో దగ్గరికి వెళితే గాని తెలియదు. అందుకే ఈ పాఠంలో ఒక దూరపు కొండ దగ్గరికి వెళదాం. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో, వీపు సంచితో తిరిగే యాత్రికులు దిగే ఒక హాస్టల్‌లో నాలుగు రోజులు ఉండి వద్దాం.

1. సత్రం నుంచి హాస్టల్ దాకా

హాస్టల్ అనగానే మనకు చదువుకునే పిల్లలు ఉండే చోటు గుర్తొస్తుంది. యాత్రికుల హాస్టల్ వేరు. అక్కడ గదిని కాదు, మంచాన్ని అద్దెకిస్తారు. ఒకే గదిలో ఆరుగురో పదిమందో పడుకుంటారు. వంటిల్లు, స్నానాల గది, కూర్చునే చోటు అందరికీ ఉమ్మడి. ఖర్చు తక్కువ, పరిచయాలు ఎక్కువ.

ఈ పద్ధతికి బీజం వేసింది ఒక బడిపంతులే. జర్మనీకి చెందిన రిచర్డ్ షిర్మన్ 1909లో పిల్లలను కాలినడకన విహారయాత్రకు తీసుకెళ్లాడు. దారిలో గాలివాన పట్టుకుంది. ఒక ఊరి బడిలో గడ్డి పరుచుకుని అందరూ ఆ రాత్రి తలదాచుకున్నారు. సెలవుల్లో ఖాళీగా ఉండే బడులు నడిచివచ్చే పిల్లలకు బసగా ఎందుకు పనికిరావు అన్న ఆలోచన అప్పుడే ఆయనకు వచ్చింది. 1912లో ఆల్టెనా అనే ఊరి కోటలో మొదటి యువజన హాస్టల్ వెలిసింది.

మన దగ్గర సత్రాలూ, పూటకూళ్ల ఇళ్లూ అంతకు ఎంతో ముందునుంచే ఉన్నాయి. 'సత్రం భోజనం, మఠం నిద్ర' అని ఇల్లూ వాకిలీ పట్టనివాణ్ణి వెక్కిరిస్తాం. కాని సత్రంలో పదిమందితో సర్దుకుని భోంచేయడం కూడా ఒక విద్యే.

2. దారి, ఎత్తు

మనాలి నుంచి స్పితికి వెళ్లేవారు 2020 అక్టోబరులో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి, తర్వాత సుమారు 4,550 మీటర్ల ఎత్తున ఉన్న కుంజుమ్ కనుమ ఎక్కి దిగాలి. చలికాలమంతా ఈ కనుమ మంచుతో మూసుకుపోతుంది. సిమ్లా, కిన్నౌర్‌ల మీదుగా మరో దారి ఉంది. అది దూరమే గాని, ఎత్తు కొద్దికొద్దిగా పెరుగుతుంది.

మన అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. స్పితిలోని ముఖ్య పట్టణం కాజా 3,600 మీటర్ల పైమాటే. దాని పైన ఉన్న లాంగ్జా, హిక్కిం, కోమిక్ గ్రామాలు 4,000 మీటర్లు దాటినవి. మేం ముగ్గురు ఉపాధ్యాయులం ఒక వేసవి సెలవుల్లో కిన్నౌర్ దారిన వెళ్లి, కాజాకు పైనున్న ఒక పల్లెలో దిగాం. మట్టి ఇటుకల గోడలు, చిన్న కిటికీలు, చదును మిద్దె, మిద్దె అంచున చలికాలానికి పేర్చిన కట్టెలు. అక్కడి ఇళ్లన్నీ ఇంచుమించు అలాగే ఉంటాయి.

3. మొదటి రోజు పని: ఏ పనీ చేయకపోవడం

ఆ హాస్టల్ నడిపే ఆవిడను అందరూ దీదీ అనేవారు. 'జూలే' అని పలకరించి, టీ ఇచ్చి, మొదటి నియమం చెప్పింది: "మాస్టర్‌జీ, ఈ రోజు ఎక్కడికీ వెళ్లకండి. నీళ్లు తాగండి, కూర్చోండి."

దీనికి కారణం ఉంది. ఎంత ఎత్తుకు వెళ్లినా గాలిలో ప్రాణవాయువు పాలు దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. 4,200 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు 60 శాతం. అంటే ప్రతి శ్వాసలోనూ అందే ప్రాణవాయువు ఆ మేరకు తక్కువ. శరీరం దీనికి అలవాటు పడగలదు, కాని రోజులు పడుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదంటారు. ఎవరెస్టు ఎక్కేవాళ్లు సైతం వారాల తరబడి ఎక్కుతూ దిగుతూ శరీరానికి ఎత్తును అలవాటు చేస్తారు.

మా గదిలో ఒక కళాశాల కుర్రవాడు ఉన్నాడు. మిత్రులతో కలిసి మనాలి నుంచి ఒక్క రోజులో పైకి వచ్చేశాడు. సాయంత్రానికి తలనొప్పి, వికారం. తన వల్ల అందరి ప్రయాణం పాడవుతుందని ఎవరికీ చెప్పలేదు. భోజనాల దగ్గర అతని పళ్లెం అలాగే ఉండటం దీదీ చూసింది. వాకిట్లో పది అడుగులు నడవమంది. అతని అడుగులు తడబడ్డాయి.

"తెల్లవారాక చూద్దాం" అన్నారు మిత్రులు.

"తెల్లవారే దాకా ఆగే జబ్బు కాదిది" అంది దీదీ. పక్కింటివారి జీపు పిలిపించి ఆ రాత్రే కిందికి, కాజా ఆసుపత్రికి పంపింది. అడుగు తడబడటం అంటే మెదడుకు వాపు మొదలైందన్న హెచ్చరిక. అప్పుడు వెంటనే కిందికి దిగడమే ప్రాణాలు నిలిపే పని. రెండో రోజుకు అతను కోలుకున్నాడని ఫోను వచ్చింది.

కొత్త బడిలో పాఠం అర్థం కాకపోయినా, తోడు దొరకకపోయినా, మనలో చాలామందిమి బయటపడం. 'అదే సర్దుకుంటుంది' అనుకుంటాం. కొన్ని నిజంగానే సర్దుకుంటాయి. కాని నొప్పి ఉందని చెబితేనే కదా, పక్కవాళ్లు జీపు పిలిచేది!

4. నీళ్లు, నిప్పు, అన్నం

స్పితిలో వాన చాలా తక్కువ. కరిగిన మంచునీరు కాలువల్లో దిగివచ్చి బార్లీ, బఠాణీ చేలను తడుపుతుంది. నీటికి అంత కరవు గనుక పాత ఇళ్లలో పొడి మరుగుదొడ్లు ఉంటాయి. నీళ్లకు బదులు మట్టి, బూడిద వేస్తారు. అది ఎరువై పొలానికి చేరుతుంది. మాకు స్నానానికి మనిషికి ఒక్క బకెట్ వేడినీళ్లు, అదీ రోజు విడిచి రోజు. మొదట ఇబ్బందిపడ్డాం. దీదీ కూతురు బిందె మోసుకుని గట్టెక్కి రావడం చూశాక ఆ బకెట్లోనూ కొంత మిగిల్చాం.

ఇక అన్నం. ఎత్తు 300 మీటర్లు పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఆ పల్లెలో నీరు 86 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఎంతసేపు తెర్లినా పప్పు ఉడకదు. ప్రెషర్ కుక్కరు లేనిదే మన భోజనం లేదు. మేం తీసుకెళ్లిన కందిపొడిని వేడి అన్నంలో నెయ్యితో కలిపి పెడితే, పంజాబు నుంచి వచ్చినవారూ కేరళ నుంచి వచ్చినవారూ మారు అడిగారు. బదులుగా దీదీ థుక్పా చేయడం నేర్పింది.

5. పదిమందిలో ఒకరిగా

గోడ మీద నియమాల పట్టిక ఉండేది. రాత్రి పది దాటితే పెద్ద దీపం వెయ్యకూడదు. తెల్లవారుజామున బయలుదేరేవారు ముందురోజే సంచి సర్దుకోవాలి. తిన్న పళ్లెం తామే కడగాలి. తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి తమతోనే తీసుకుపోవాలి. ఒక మూల చిన్న అర ఉండేది. మనకు అక్కర్లేనిది అందులో ఉంచవచ్చు, కావలసింది తీసుకోవచ్చు. మేం ఒక తెలుగు కథల పుస్తకం ఉంచాం. ఏ తెలుగు యాత్రికుడికైనా దొరుకుతుందని ఆశ.

దగ్గరలోని హిక్కింలో 1983 నుంచి తపాలా కార్యాలయం ఉంది. ప్రపంచంలో అత్యంత ఎత్తైన తపాలా కార్యాలయాల్లో అది ఒకటి. అక్కడి నుంచి మా పాత బడుల పిల్లలకు కార్డులు రాశాం. ఊరు మారినా చిరునామా రాసుకుని ఉంచుకుంటే స్నేహం మారదు.

మాటలు – అర్థాలు

కనుమ: రెండు కొండల నడుమ దారి
బస: ప్రయాణంలో దిగి ఉండే చోటు
పూటకూళ్ల ఇల్లు: డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఇల్లు
తెర్లు: బాగా మరుగు
మిద్దె: చదునైన పైకప్పు ఉన్న ఇల్లు, ఆ పైకప్పు

ఆలోచించండి – రాయండి

1. గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గకపోయినా ఎత్తైన చోట ఊపిరి ఎందుకు చాలదు?
2. కుర్రవాడు తన బాధను ఎందుకు దాచాడు? మీరైతే ఎవరికి చెప్పేవారు?
3. మీరు ఇప్పుడున్న ఊరు ఎంత ఎత్తున ఉంది? అక్కడ నీరు సుమారు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో లెక్కకట్టండి.
4. మీ తరగతికి కొత్తగా వచ్చిన విద్యార్థికి 'మొదటి రోజు నియమాలు' అయిదు రాయండి.
5. మీరు విడిచి వచ్చిన ఊళ్లో ఉన్న ఒక స్నేహితునికి తెలుగులో కార్డు రాసి, నిజంగానే తపాలా పెట్టెలో వేయండి. తెలుగు చదవలేని స్నేహితుడైతే కింద వారి భాషలో అర్థం రాయండి.