రంగు కన్నా ముందు చర్మం

విశాఖలో ఉక్కునగరం క్వార్టర్స్‌లో అయినా, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలో అయినా ఇప్పుడు పుట్టినరోజంటే కేకూ బెలూన్లూ చాలవు. ఓ మూల కుర్చీ వేసుకుని పిల్లల మొహాలకి రంగులు వేసే మనిషి కూడా ఉండాలి. నాటకాలకి మేకప్ చేసిన చేతులు కనక నన్నూ పిలుస్తుంటారు. ఈ పని నేర్చుకుంటామని వచ్చేవాళ్లు ముందుగా అడిగేది, "ఏ బొమ్మతో మొదలుపెట్టాలి మాస్టారూ?" అని. బొమ్మ సంగతి నా వరుసలో అయిదోది.

1. డబ్బా మీద ఏం రాసుందో చదవండి

పోస్టర్ కలరు, ఫ్యాబ్రిక్ పెయింటు, అక్రిలిక్ మొహానికి పనికిరావు. వాటి మీద 'నాన్ టాక్సిక్' అని రాసి ఉండొచ్చు. అది కాగితం మీద బొమ్మలేసే పిల్లల కోసం రాసిన మాట, గంటల తరబడి బుగ్గ మీద ఉంచుకోమని కాదు. మొహానికి పూయడానికని అమ్మే రంగు చట్టం లెక్కలో కాస్మెటిక్కే, 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికే వస్తుంది. ఏ రంగుపదార్థాలు వాడొచ్చో మన ప్రమాణాల సంస్థ ఐఎస్ 4707లో జాబితా ఇచ్చింది. విదేశీ సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తయారీదారు పేరూ, గడువు తేదీ లేని డబ్బా ఎంత చవగ్గా దొరికినా అక్కడే వదిలేయండి. నీళ్లతో తడిపి వాడే కేకు రంగులు కొనండి. తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, నీలం ఉంటే మొదటి ఏడాది గడిచిపోతుంది. తెలుపు మాత్రం రెండు కొనండి, అన్నిటికన్నా ముందు అయిపోయేది అదే.

పాతకాలంలో అన్నీ మంచి రంగులే వాడేవాళ్లని ఎవరైనా అంటే నమ్మకండి. వేషగాళ్లు పచ్చగా మెరవడానికి పూసుకున్న అర్దళం ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. దసరాకి పులివేషం కట్టే కుర్రాళ్లు ఒళ్లంతా ఎనామిల్ పెయింటు పూయించుకుని, పండగయ్యాక కిరసనాయిలుతో రుద్దుకోవడం నేను చూశాను. అది పెద్దవాళ్ల మొండితనం. నాలుగేళ్ల పిల్ల చర్మం దగ్గరికి తేవలసిన సంప్రదాయం కాదు.

2. మెరుపుల దగ్గర ఇంకా జాగ్రత్త

స్టేషనరీ షాపులో గ్రీటింగ్ కార్డుల కోసం అమ్మే మెరుపుల అంచులు గరుకుగా ఉంటాయి, కంట్లో పడితే గీరుకుపోతుంది. కాస్మెటిక్ రకమే కొనండి. అదైనా కనురెప్పల మీద వద్దు.

3. వేయనని చెప్పడం నేర్చుకోండి

ఈ పనిలో అసలు కష్టం ఇదే. కుర్చీలో కూర్చున్న ప్రతి పిల్లనీ ముందు వెలుగులో ఓసారి చూడండి. కళ్లు ఎర్రబడ్డాయా, మూతి చుట్టూ పుండ్లున్నాయా, జలుబుతో ముక్కు కారుతోందా, దెబ్బ తగిలి చర్మం రేగిందా? ఏ ఒక్కటి ఉన్నా మొహం ముట్టుకోవద్దు. "నీకు స్పెషల్‌గా చేతి మీద వేస్తాను" అనండి, పిల్లలు ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది తల్లులే. "ఏం కాదులెండి, ఫోటో కోసం కాస్త వేసేయండి" అంటారు. వాళ్లకి కోపం వచ్చినా సరే. ఎలర్జీలున్నాయా అని తల్లినే అడగండి, పిల్లకి ఏం తెలుస్తుంది? పుట్టినరోజు పిల్ల ఇంటికి ముందురోజే వెళ్లి మోచేతి లోపలివైపు ఓ చుక్క పెట్టి మర్నాటిదాకా చూడమనండి. పార్టీలో అప్పటికప్పుడు పెట్టే చుక్కని నమ్ముకోలేం.

మూడేళ్ల లోపు వాళ్లకి నేను మొహం మీద వేయను. రుద్దుకుంటారు, నాకుతారు. భయపడి ఏడ్చే పిల్లని పట్టుకుని కూర్చోబెడతామనే పెద్దవాళ్లుంటారు. బ్రష్ కింద పెట్టేయండి. మిగతా పిల్లల్ని చూస్తూ కాసేపట్లో తనే వస్తుంది, రాకపోతే పోనీయండి.

4. విశాఖ చెమట

పొడి ఊళ్లలో నేర్చుకున్న పద్ధతి ఇక్కడ సగమే పనిచేస్తుంది. ఏప్రిల్, మేలో మన ఉక్కపోతకి నున్నగా పూసిన రంగు ముక్కు పక్కనుంచి కారిపోతుంది. మొహమంతా పూయకుండా నుదురూ బుగ్గా చాలనుకోండి. కృష్ణాష్టమికి నీలం పూయమంటే కళ్ల చుట్టూ, పెదాల మీద వదిలేసి పల్చగా స్పాంజితో అద్దండి. ఇంటికొచ్చాక కేకు రంగుల్ని ఫ్యాను కింద పూర్తిగా ఆరనిచ్చే మూత పెట్టండి. తడిమీద మూసేస్తే బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని పైపైన గీకి వాడకండి, పారేయండి.

బీచ్‌రోడ్డులో ఉత్సవాలకి స్టాలు పెడితే పిల్ల వీపు సముద్రం వైపు ఉండేలా కుర్చీ వేయండి, ఇసుక కంట్లో పడదు. అలా కూర్చుంటే జుట్టు ముందుకొస్తుంది కనక హెయిర్‌బ్యాండు దగ్గర పెట్టుకోండి.

5. ఇప్పుడు బొమ్మ

సీతాకోకచిలుక, పులి, స్పైడర్‌మ్యాన్. ఈ మూడూ చేతికొస్తే ఏ పార్టీకైనా వెళ్లొచ్చు. లేత రంగు ముందు స్పాంజితో, నలుపు గీతలు చివర బ్రష్‌తో. బ్రష్ నొక్కి మొదలుపెట్టి, లాగుతూ పైకి ఎత్తేస్తే పులి చార దానంతటదే సన్నబడుతుంది. స్టేజీ మేకప్ అలవాటున్న నాలాంటివాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కళాభారతి ఆడిటోరియంలో చివరి వరస వాడికి కనపడాలని గాఢంగా వేసేవాళ్లం, ఈ పిల్లని తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుని చూస్తుంది. సగం రంగు చాలు.

క్రికెట్ మ్యాచ్‌కి వెళ్లేవాళ్లు, ఆగస్టు 15కి స్కూలు పిల్లలు బుగ్గ మీద జెండా అడుగుతారు. కాషాయం, ఆకుపచ్చ వేసి ఆరాక మధ్యలో తెలుపు వేయండి. తొందరపడితే తెలుపు మురికవుతుంది.

6. ఒక పిల్లకి ఒక స్పాంజి

చవక స్పాంజిలు దొంతరగా తీసుకెళ్లండి. ఒకసారి వాడింది వేరే సంచిలోకి. ఇంటికెళ్లి సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి. బ్రష్‌ల నీళ్లు తరచూ మార్చండి. ఇదంతా తల్లులు గమనిస్తూనే ఉంటారు.

7. డబ్బు

తలకింత అనకండి, గంటకింత అనండి. తలకింత అంటే చెయ్యి పరిగెడుతుంది. ఒక్కో పిల్లకి అయిదు నిమిషాలు వేసుకున్నా గంటకి పన్నెండు మంది, ముప్ఫై మందికి రెండున్నర గంటలు. కేకు కోసేలోగా అందరికీ అయిపోవాలంటే ఇంకో మనిషిని తెచ్చుకోవాలని పిలిచినవాళ్లకి ముందే చెప్పండి. అడ్వాన్సు తీసుకోండి.

వెళ్లేముందు ప్రతి తల్లికీ చెప్పండి: పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లు, పిల్లల సబ్బుతో కడగాలి, ఎర్ర మరక మిగిలితే కొబ్బరినూనె అద్ది దూదితో తుడవాలి, గరుకు తువ్వాలుతో రుద్దకూడదు. చీటీ రాసిస్తే ఇంకా మంచిది, పార్టీ హడావిడిలో ఎవరికీ గుర్తుండదు.