నీరటి పని

కిందటి శనివారం మధ్యాహ్నం మా వంటింటి బల్ల మీద పదహారేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఒకటి విప్పి పెట్టుకుని కూర్చున్నాను. మా వీధి చివర కొడుకు దగ్గర ఉండే పెద్దాయనది. గుంటూరు దగ్గరి పల్లె నుంచి వచ్చారు. "బాబూ, వెలగడం బాగానే వెలుగుతోంది గానీ ఏ సైటూ తెరుచుకోవట్లేదు. పాతబడింది, పారేద్దాం అంటున్నాడు మావాడు" అన్నారు.

చూస్తే దాని గడియారం 2009 జనవరి 1 అంటోంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీని గుర్తుపెట్టుకునేది అదే. అది కాస్తా అయిపోయింది. తేదీ తప్పయితే బ్రౌజర్ ఏ సైటు చూపే భద్రతా పత్రాన్నీ నమ్మదు. 2009లో నిలబడి చూస్తే ఇవాళ్టి పత్రాలన్నీ ఇంకా పుట్టనివే కదా! తీగలున్న సీఆర్ 2032 సెల్ కొత్తది బిగించి, తేదీ దిద్ది, పెన్‌డ్రైవ్ నుంచి పప్పీ లినక్స్ అనే తేలికపాటి వ్యవస్థను దాని మామూలు రూపంలోనే ఎక్కించాను. కాసేపట్లో తెర వచ్చింది. ఆయన ఆత్రంగా తెలుగు పేపరు తెరిచారు. అక్షరాల చోట వరసగా డబ్బాలు. లోహిత్ తెలుగు ఫాంటు తెచ్చి ఫాంట్ల ఫోల్డర్లో వేసి, బ్రౌజర్ మూసి మళ్లీ తెరిచాను. ఈసారి ఒత్తులూ గుణింతాలూ ఎక్కడివక్కడ కూర్చున్నాయి.

"అంతేనా బాబూ?" అన్నారాయన.

అంతే. కానీ ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఇరవై ఏళ్లకు పైగా ఎవరెవరో తీరిక వేళల్లో సాకుతూ వచ్చిన పని. మీతో మాట్లాడాలనుకున్నది ఆ సాకడం గురించే.

నేనుండే క్రెయిగీబర్న్ మెల్‌బోర్న్ నడిబొడ్డుకు ఉత్తరాన పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడ దాదాపు అన్నీ కొత్తవే. కరెంటు రైలు 2007లో వచ్చింది, పెద్ద షాపింగ్ సెంటర్ 2013లో. ఇళ్లు కొత్తవి, మనుషులు ఊరికి కొత్త. ఇలాంటి చోట మొదలుపెట్టడం సులువు. జనవరిలో జిమ్, ఫిబ్రవరిలో ఆన్‌లైన్ కోర్సు, మార్చిలో పిల్లలకు తెలుగు పాఠాలు. జూన్ చలికి ఎన్ని మిగులుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆంధ్రులు ఆరంభశూరులన్న మాట ఎవరన్నా మనకు కోపం వస్తుంది, నిజమే. ఆ కోపంలో సగమైనా పట్టుదలగా మారితే బాగుండును.

వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే మాటలు ఎక్కువగా ఆరంభం గురించే. కల కను, అడుగెయ్, దూకు. నా అనుభవం వేరు. మనిషి ఎదిగేది మూడో ఏడు, నాలుగో ఏడు, చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరూ లేనప్పుడు. రామప్ప చెరువు 13వ శతాబ్దిలో కట్టారు. కట్టించిన వాళ్ల గురించి చరిత్ర చెప్తుంది. అలాంటి చెరువుల దగ్గర తూము ఎత్తీ దించీ, ఏ పొలానికి ఎంత నీరు పోవాలో చూసి, కట్టకు గండి పడకుండా కాపలా కాసిన నీరటి పేరు మనలో ఎవరికీ తెలియదు. నీరు మాత్రం పొలానికి చేరింది. మీరు ఎంచుకోవలసిన పని ఒకటుంటే, నీరటి పని లాంటిది ఎంచుకోండి.

పప్పీ లినక్స్ కథలో నాకు నచ్చేదీ అదే. పశ్చిమ ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003 జూన్‌లో దీన్ని బయటపెట్టాడు. తన చిన్న చివావా కుక్క పేరే దానికి పెట్టుకున్నాడు. మొత్తం వ్యవస్థ కంప్యూటర్ ర్యామ్‌లోకి ఎక్కి అక్కడే నడుస్తుంది, హార్డ్ డిస్క్ పాడైపోయినా పరవాలేదు. మీరు చేసిన మార్పులన్నీ ఒకే ఒక్క ఫైల్లో దాచుకుంటుంది. సీడీ నుంచి నడిపి, ఆ సీడీ మీదే పని భద్రపరుచుకునే ఏర్పాటు కూడా ఒకప్పుడు ఇచ్చాడు. పెద్ద కంపెనీల వ్యవస్థలు ఏటేటా లావెక్కుతుంటే ఈయన ప్రతి ఎంబీనీ లెక్కపెట్టాడు. 2020లో వచ్చిన పప్పీ కూర్పు ఫోసాపప్ కూడా సుమారు 400 ఎంబీలే. ఇవాళ ఉబుంటు అనే ఇంకో లినక్స్ డెస్క్‌టాప్ దించుకోవాలంటే 5 జీబీ దాటుతుంది.

ఇలా చిన్నగా ఉంచడానికి 'వద్దు' అనడం రావాలి. నేను పప్పీకి తెలుగు ఫాంట్లు, కీబోర్డు, పెద్ద అక్షరాలు జోడించి, మా చుట్టుపక్కల పెద్దవాళ్ల కోసం చిన్న కూర్పు ఒకటి నాలుగేళ్లుగా నడుపుతున్నాను. నెలకు ఇద్దరైనా అడుగుతారు, "ఆటలు పెట్టొచ్చుగా, ఫొటోలు దిద్దేది పెట్టొచ్చుగా" అని. అడిగే వాళ్లంతా మంచివాళ్లే, అందుకే కాదనడం కష్టం. మొదటి ఏడు అన్నీ పెట్టాను. రెండు జీబీల ర్యామ్ ఉన్న యంత్రం ఆయాసపడింది. పేపరు చదువుకోవడానికి వచ్చిన ఒకాయన ముందు మళ్లీ నీలం గుండ్రం తిరుగుతూ కూర్చుంది. అప్పుడు కూర్చుని ఒక వాక్యం రాసుకున్నాను: పేపరు చదవడం, మనవలతో వీడియోలో మాట్లాడడం, ఉత్తరం రాసుకోవడం. ఈ మూడింటికీ పనికిరానిది ఏదీ ఇందులో ఉండదు. అలాంటి వాక్యం ఒకటి మీరూ రాసుకోండి, మీ పని ఏదైనా సరే. పప్పీ లాంటిదే డామ్ స్మాల్ లినక్స్ అని ఒకటి వచ్చింది, జాన్ ఆండ్రూస్ చేసింది. 50 ఎంబీ దాటకూడదని కంచె వేసుకుని దాని లోపలే ఏళ్ల తరబడి బతికింది. ఆ కంచె వల్లే దానికో ముఖం వచ్చింది.

కొత్తది జోడించడానికి పట్టే టైము తక్కువ. ఉన్నది చెడకుండా చూడడానికే పడుతుంది. మనం ఏమీ ముట్టుకోకపోయినా కింద నేల కదులుతూ ఉంటుంది. 2016 మార్చిలో పాత తరం 32 బిట్ లినక్స్‌కు క్రోమ్ ఆగిపోయింది. 2021 సెప్టెంబరు 30న ఒక మూల భద్రతా పత్రానికి గడువు తీరి, లోకమంతటా పాత పరికరాలు రాత్రికి రాత్రి చాలా సైట్లకు దూరమయ్యాయి. 2025 ఆగస్టులో వచ్చిన పెద్ద లినక్స్ వ్యవస్థ డెబియన్ 13లో 32 బిట్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలర్ లేదు. అదే ఏడు అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, అది లేని మంచి యంత్రాలు ఎన్నో అటకెక్కాయి. విక్టోరియాలో 2019 జూలై 1 నుంచి పాత ఎలక్ట్రానిక్ సామాను చెత్తబుట్టలో వేయడమే నిషేధం. కాబట్టి బాగు చేసే వాళ్ల అవసరం పెరిగిందే గానీ తగ్గలేదు. మెల్‌బోర్న్‌లో కంప్యూటర్‌బ్యాంక్ అనే సంస్థ విరాళంగా వచ్చిన కంప్యూటర్లకు లినక్స్ వేసి తక్కువ ఆదాయం వాళ్లకు అందిస్తుంది. చేసేది ఎక్కువగా వాలంటీర్లే.

ఈ కదిలే నేల మీద నిలబడాలంటే ఉత్సాహాన్ని నమ్ముకోకండి, వారాన్ని నమ్ముకోండి. నాకు శనివారం రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ముందు పాత తప్పు ఒకటి సరిచేస్తాను, ఆ తర్వాతే కొత్తది. కొన్ని శనివారాలు మొదటి పనితోనే అయిపోతాయి. ఒక్కటి మటుకు ఖాయం, ఆ గంటల్లో ఫోను పక్క గదిలో ఉంటుంది.

ఆపేయాల్సింది కూడా ముందే చెప్పండి. 32 బిట్ యంత్రాలకు నా కూర్పు వచ్చే ఏడాది చివరికి ఆపేస్తున్నాను, అలాంటివి వాడేవాళ్లు నలుగురే ఉన్నారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చెప్పాను. బాధపడ్డారు. చెప్పకుండా ఒకరోజు మాయమై ఉంటే పడే బాధ ఇంకో రకం, అందులో నమ్మకం పోతుంది. మాట ఇచ్చిన పని చేయలేనప్పుడు ఆరు నెలల ముందు నోరు విప్పేవాణ్ని జనం క్షమిస్తారు.

ఇక కౌలర్ దగ్గరికి. ఆయన చేసిన అసలు గొప్ప పని పప్పీ కాదని నా అభిప్రాయం. వూఫ్ అనే పనిముట్టు అంతకంటే గొప్పది. డెబియన్, ఉబుంటు, స్లాక్‌వేర్ లాంటి పెద్ద వ్యవస్థల ప్యాకేజీలు తీసుకుని వాటితో పప్పీని వండే విధానమంతా అందులో పెట్టాడు. అంటే కూరతో పాటు కూర వండే తీరు కూడా ఇచ్చేశాడు. 2010లో వచ్చిన లూసిడ్ పప్పీని ముందుండి నడిపింది ఇతరులే. 2013లో ఆయన పక్కకు తప్పుకున్నప్పుడు వూఫ్-సీఈ పేరుతో ఆ పనిముట్టు సమూహం చేతికి వెళ్లింది, పప్పీ ఆగలేదు. డామ్ స్మాల్ లినక్స్ మాత్రం చాలా ఏళ్లు నిద్రపోయి, 2024లో గానీ మళ్లీ కొత్త రూపంలో లేవలేదు. పనిని ఇతరుల చేతికి ఇచ్చిన కౌలర్‌కు తీరిక దొరికింది. 2017లో ఈజీఓఎస్ అని ఇంకో ప్రయోగం మొదలుపెట్టాడు.

నేను లేకపోతే ఇది నడవదు అనుకోవడంలో ఒక తియ్యదనం ఉంది. ఇంట్లో, ఆఫీసులో, సంఘంలో చాలామంది దాని మీదే బతుకుతారు. అది మిమ్మల్ని అక్కడే కట్టేస్తుంది. సెలవు తీసుకోలేరు, జబ్బు పడలేరు, ఇంకోటి నేర్చుకోలేరు. మీకొక్కరికే తెలిసిన పని ఏదో ఈ వారమే ఒకటి పట్టుకుని కాగితం మీద పెట్టండి. తెలియని మనిషి చేతికి ఇచ్చి, మీరు నోరు మెదపకుండా పక్కన కూర్చోండి.

మా ఊరి లైబ్రరీలో నేను అదే చేశాను. మట్టిని దిమ్మిసతో కొట్టి లేపిన గోడల భవనం అది. 2014లో మొదటిసారి ఇచ్చిన అంతర్జాతీయ ఉత్తమ ప్రజా గ్రంథాలయ పురస్కారం దానికే వచ్చింది. ఇంజనీరింగ్ చదివే తెలుగు కుర్రాడొకడు నా కాగితాలు ముందు పెట్టుకుని కూర్పు తయారుచేయడం మొదలుపెట్టాడు. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగిపోయాడు. "అంకుల్, తెలుగు ఫాంట్లు వేయాలి అని రాశారు. ఎక్కడ వేయాలి?"

నాలుగేళ్లుగా నా వేళ్లు వాటంతట అవే ఆ ఫోల్డర్‌కి వెళ్తున్నాయి, అందుకని రాయాలని తోచలేదు. అప్పటికప్పుడు రాశాను. గంట తర్వాత తెర మీద 'అమ్మ' అని కొట్టి చూశాడు, మ కింద మ వత్తు సరిగ్గా కూర్చుంది. లైబ్రరీ మూసే వేళయింది. సామాను సర్దుకుంటుంటే పెద్దాయన ల్యాప్‌టాప్ సంగతి చెప్పాను. వాడు పెన్ను తీసి, నా కాగితాల మొదటి పేజీలో, మొదటి మెట్టు పైన ఖాళీలో తన చేతిరాతతో ఒక వాక్యం ఇరికించాడు: "అన్నిటికన్నా ముందు తేదీ చూడండి."