మాక్ డ్రాఫ్ట్ రాసే మేనల్లుడికి



ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ మీద నువ్వు డాలస్‌కు పంపిన జాబితా అందింది. మొదటి రౌండ్‌లో ముప్పై స్థానాలు, ముప్పై పేర్లు, ప్రతి పేరు పక్కన సగటు పాయింట్లు, రీబౌండ్లు, మూడు పాయింట్ల షాట్ల శాతం. సెమిస్టర్ పరీక్షల ముందు ఇంత తీరిక ఎలా దొరికిందో మీ అమ్మ చెవిన వేయడం ఈ మావయ్య పని కాదు. కాకపోతే ఒక్క మాట. జాబితా పైన 'మాక్ డ్రాఫ్ట్' అని రాసి ఉంది, లోపల ఉన్నది మాత్రం బిగ్ బోర్డ్.

ఎవడు ఎంత మంచి ఆటగాడో రాసేవాడు సొంతంగా తేల్చుకునేది బిగ్ బోర్డ్. ఫలానా జట్టు ఆఫీసులో తలుపులేసుకుని కూర్చున్న అయిదారుగురు ఆ రాత్రి ఎవరి పేరు పైకి పంపుతారో చెప్పేది మాక్ డ్రాఫ్ట్. మొదటిదానికి ఆట తెలిస్తే సరిపోతుంది. రెండోదానికి ఆ అయిదారుగురి అలవాట్లు, భయాలు, యజమాని దగ్గర వాళ్ల పరపతి కూడా తెలియాలి.

1984 సంగతే చూడు. హ్యూస్టన్ మొదట హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకుంది. రెండో వంతు పోర్ట్‌లాండ్‌ది. వాళ్లు శామ్ బౌయీని ఎంచుకున్నారు, మూడో వంతులో మైకేల్ జోర్డాన్ షికాగోకు దక్కాడు. అదెంత పొరపాటో నలభై ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నారు. అయితే ఊహించడానికి అంత తేలికైన ఎంపిక ఇంకొకటి దొరకదు. పోర్ట్‌లాండ్‌కు అంతకు ముందు ఏడాదే క్లైడ్ డ్రెక్స్‌లర్ వచ్చాడు, జోర్డాన్ ఆడేదీ అదే స్థానంలో. జట్టుకు లేనిది సెంటర్. కెంటకీ యూనివర్సిటీలో ఏడడుగులు దాటిన బౌయీ ఉన్నాడు. కాలి గాయంతో రెండు సీజన్లు పోగొట్టుకున్నవాడైనా సెంటరే కదా అనుకున్నారు. తప్పే, కానీ ముందే కనిపించే తప్పు.

దానికి ఎదురు ఉదాహరణ 2014లో ఉంది. డెన్వర్ 41వ స్థానంలో నికోలా జోకిచ్‌ను తీసుకున్నప్పుడు టీవీలో టాకో బెల్ ప్రకటన నడుస్తోంది. కాబోయే మూడుసార్ల ఎంవీపీ పేరు ఆ ప్రకటన కింద పట్టీలో వచ్చి పోయింది. బ్రహ్మాండమైన ఎంపిక, ఎవరూ ఊహించలేదు. ఇక 2013లో క్లీవ్‌లాండ్ మొదటి వంతులోనే ఆంథొనీ బెనెట్ పేరు చదివించినప్పుడు అటు ఊహా తప్పింది, ఇటు ఎంపికా తప్పింది. చాలామంది మొదట రాసుకున్న నెర్లెన్స్ నోయెల్ ఆరో స్థానానికి జారాడు. బెనెట్ ఎన్‌బీఏలో నాలుగు సీజన్లకు మించి నిలవలేదు. మంచి ఎంపిక వేరు, ఊహకందే ఎంపిక వేరు. నీ జాబితాలో ఈ రెండూ కలిసిపోయాయి.

ఐపీఎల్ వేలం చూసి పెరిగినవాళ్లకు ఇంకో చిక్కు. వేలంలో ఎవరి పర్సులో ఎంత మిగిలిందో తెర మీదే కనిపిస్తుంది. డ్రాఫ్ట్‌లో పాట లేదు. మొదటి రౌండ్‌లో ఏ స్థానానికి ఎంత జీతమో పట్టిక ముందే ఉంటుంది. జట్టు చేతిలో ఉండేది వంతు ఒక్కటే, ఆ వంతును కూడా మొదట బంతులు తేలుస్తాయి. పద్నాలుగు బంతుల్లోంచి నాలుగు తీస్తే 1,001 కాంబినేషన్లు వస్తాయి. ఒకటి పక్కన పెట్టి మిగతా వెయ్యీ ప్లేఆఫ్స్‌కు వెళ్లని జట్లకు పంచుతారు. 2019లో మార్చిన పద్ధతి ప్రకారం అట్టడుగు మూడు జట్లకూ సమానంగా 14 శాతం. 2025 మే నెలలో మా డాలస్‌కు ఉన్నది 1.8 శాతం, అంటే వెయ్యిలో పద్దెనిమిది. ఫిబ్రవరిలో లూకా డాన్చిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చేసి ఊరందరితో తిట్లు తింటున్న జట్టు అది. ఆ బంతులు పడ్డ క్షణం నుంచీ డ్యూక్ యూనివర్సిటీ కుర్రాడు కూపర్ ఫ్లాగ్ ఇక్కడికే వస్తాడని చెప్పడానికి జాతకం చూడాల్సిన పని లేకపోయింది. అలాంటి ఏడాది మొదటి పేరు సరిగ్గా రాసినందుకు మార్కులు వేసుకోకూడదు.

మార్కులు వేసుకోదగ్గ ఏడాది 2022. ఆ జూన్ 23 ఉదయం దాకా దాదాపు అన్ని మాక్ డ్రాఫ్టుల్లోనూ ఒకటే వరస. ఓర్లాండోకు జబారీ స్మిత్, ఓక్లహామా సిటీకి చెట్ హోమ్‌గ్రెన్, హ్యూస్టన్‌కు పావ్‌లో బాంచెరో. ఎన్‌బీఏ వార్తల్లో ఆడ్రియన్ వోజ్నరోవ్‌స్కీ మాటకు తిరుగుండేది కాదు, ఆయన కూడా ఈ వరసే గట్టిపడుతోందని చెప్పాడు. పందేల రేట్లు మాత్రం అటూ ఇటూ ఊగుతున్నాయి. బాంచెరో ఓర్లాండో వెళ్లి వర్కౌట్ కూడా చేయలేదు. రాత్రి బ్రూక్లిన్‌లో కమిషనర్ మైకు ముందుకొచ్చి చదివిన మొదటి పేరు బాంచెరోది. వేదిక మీద పేరు వినబడటానికి కొద్ది క్షణాల ముందు దాకా తనకే తెలియదని ఆ కుర్రాడు తర్వాత చెప్పాడు. స్మిత్ మూడో స్థానంలో హ్యూస్టన్‌కు వెళ్లాడు.

విలేఖరి అబద్ధం రాశాడని దీనర్థం కాదు. తనకు చెప్పినవాళ్లు చెప్పింది రాశాడు. చెప్పేవాళ్లకు ఆ చెప్పడంలో ఏదో పని ఉంటుంది. మొదటి వంతు ఉన్న జట్టు నోరు విప్పితే దానికి ఒరిగేదేమీ లేదు. నోరు మూసుకుంటేనే వెనకున్న జట్లు కంగారుపడి ఫోన్లు చేస్తాయి, ఆ వంతుకు మంచి బేరం వస్తుందేమో చూసుకోవచ్చు. అందుకే మొదటి మూడు స్థానాల గురించి వచ్చే ప్రతి వార్త పక్కనా పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసుకోవాలి: ఇది బయటికి రావడం వల్ల ఎవరికి లాభం?

ఏజెంట్ల మాటలకు ఈ ప్రశ్న మరీ అవసరం. పెళ్లిళ్ల పేరయ్య ఏ ఇంటికెళితే ఆ ఇంటి సంబంధమే గొప్పదన్నట్టు, ఏజెంటు కూడా తన కుర్రాడి కోసం ఫలానా జట్టు పడిచస్తోందని నలుగురికీ చెబుతాడు. నచ్చని ఊరికి కుర్రాడిని వర్కౌట్‌కే పంపడు, వైద్య పరీక్షల కాగితాలు ఇవ్వడు. 2024లో అలెక్స్ సార్ మొదటి వంతున్న అట్లాంటాకు వర్కౌట్ ఇవ్వలేదు. అట్లాంటా జకారీ రిసాషేను తీసుకుంది, సార్ రెండో స్థానంలో వాషింగ్టన్ చేరాడు. ఏజెంటు ఎత్తు పారింది. మరుసటి ఏడాది రట్గర్స్ కుర్రాడు ఏస్ బెయిలీ ఫిలడెల్ఫియా ప్రయాణం రద్దు చేసుకున్నాడు, ఏ జట్టుకూ ప్రైవేటు వర్కౌట్ ఇవ్వలేదు. యూటా అవేమీ పట్టించుకోకుండా అయిదో స్థానంలో తీసుకుంది. ఒకే ఎత్తు, రెండు ఫలితాలు. అవతలి కుర్చీలో కూర్చున్నది ఎవరన్న దాన్నిబట్టి ఉంటుంది.

కాబట్టి చదవాల్సింది కుర్చీలను. జాన్ హామండ్ మిల్వాకీ జనరల్ మేనేజర్‌గా ఉన్నప్పుడు 2013లో 15వ స్థానంలో యానిస్ ఆంటెటోకుంపో అనే సన్నటి, పొడుగు చేతుల గ్రీకు కుర్రాడిని తీసుకున్నాడు. 2017లో హామండ్ ఓర్లాండో చేరాడు. అక్కడ పెద్ద జెఫ్ వెల్ట్‌మన్, ఒకప్పుడు మిల్వాకీలో హామండ్ కింద పనిచేసినవాడే. ఆ జూన్‌లో వాళ్లు తీసుకున్నది జొనాథన్ ఐజక్, పొడుగు చేతులవాడు. మరుసటి ఏడాది మొ బాంబా. డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను కొలిచే షికాగో కంబైన్‌లో బాంబా రెండు చేతులూ చాపితే ఏడడుగుల పది అంగుళాలు, అప్పటికి అక్కడ కొలిచిన వాళ్లందరిలో అదే ఎక్కువ. ఇది గమనించినవాడు ఓర్లాండో వరసలో ఒక పొట్టి గార్డు పేరు రాసేముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. నీ జాబితాలో ఇలాంటి పరిశీలన ఒక్కటీ లేదు.

2019లో ఫీనిక్స్ ఇంకో రకం. పదకొండో స్థానంలో నార్త్ కరోలినా ఆటగాడు కామ్ జాన్సన్ తమకు వచ్చేలా చూసుకున్నారు. వయసు అప్పటికే 23, కాలేజీలో అయిదేళ్లు. చాలా జాబితాల్లో వాడి పేరు మొదటి రౌండ్ చివరన ఉంది. అదే రాత్రి ఏడో స్థానంలో షికాగోకు వెళ్లిన కోబీ వైట్ వాడి కాలేజీ సహచరుడే. విలేఖరులతో మాట్లాడుతుండగా ఎవరో జాన్సన్ సంగతి చెప్పారు. వైట్ కళ్లు పెద్దవి చేసి, పదకొండా అని మళ్లీ అడిగి, తన ఎంపిక కంటే ఎక్కువ సంబరపడ్డాడు. పక్కనే ఆడినవాడికే అంత ఆశ్చర్యమైతే గుంటూరులో కూర్చుని ఊహించేవాడి గతేమిటి! కానీ ఒక ఆనవాలు ఉంది. ఫీనిక్స్‌లో డెవిన్ బుకర్, డిఆండ్రే ఏటన్ అప్పటికే ఉన్నారు. వాళ్లకు కావలసింది వెంటనే దూరం నుంచి షాట్ వేసే మనిషి, మూడేళ్ల తర్వాత ఎదిగే పిల్లవాడు కాదు. రెండేళ్లకు ఆ జట్టు ఫైనల్స్ ఆడింది, జాన్సన్ అందులో ఉన్నాడు.

వైద్య నివేదికల గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అవి మనకు కనబడవు గనక. మైకేల్ పోర్టర్ జూనియర్ వెన్ను నొప్పి వల్ల 2018లో 14వ స్థానానికి జారాడు. 2023లో కామ్ విట్‌మోర్ మొదటి పదిలో ఉంటాడనుకుంటే ఇరవైకి వెళ్లాడు. ఎవరి పేరు చుట్టూ అకస్మాత్తుగా మౌనం కమ్ముకుంటే అక్కడ ఏదో నడుస్తోందని అనుమానించాలి. కంబైన్ కొలతల్లో చేతుల పొడవునూ, చెప్పులు లేకుండా ఎత్తునూ నమ్మవచ్చు. బరువులెత్తే లెక్కలు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. 2007లో కెవిన్ డ్యురాంట్ 185 పౌండ్ల బార్‌ను ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. అయినా రెండో స్థానం దాటి కిందికి రాలేదు.

పేరు సరిగ్గా రాసినా జట్టు తప్పయ్యే సందర్భాలుంటాయి. 2018లో డాన్చిచ్ అట్లాంటా టోపీ పెట్టుకుని ఫొటోలు దిగాడు, అప్పటికే డాలస్‌తో బేరం కుదిరింది. అయిదో స్థానంలో డాలస్ తీసుకున్న ట్రే యంగ్, మరుసటి ఏడాది మొదటి రౌండ్ వంతు అట్లాంటాకు వెళ్లాయి. ఇలాంటి మారకాలు ముందే పసిగట్టాలనుకోవడం అత్యాశ. మాక్ డ్రాఫ్ట్ రాసేవాళ్లలో చాలామంది వాటి జోలికి పోరు, వెళ్లకపోవడమే మంచిది.

రెండో రౌండ్ వేరే లోకం. అక్కడ కొందరు ఏజెంట్లు తమ కుర్రాడిని తీసుకోవద్దని జట్లను బతిమాలతారు. ఎంపిక కాకపోతే నచ్చిన జట్టుతో టూవే ఒప్పందం (ఎన్‌బీఏ జట్టుకూ దాని కింది లీగ్ జట్టుకూ ఆడే ఒప్పందం) మాట్లాడుకోవచ్చని వాళ్ల లెక్క. 2024లో బ్రానీ జేమ్స్ యూనివర్సిటీలో ఆటకు సగటున 4.8 పాయింట్లు చేసిన కుర్రాడు, ఏ బిగ్ బోర్డులోనూ పైన లేడు. కానీ 55వ స్థానంలో లేకర్స్ తీసుకుంటుందని ముందే రాసినవాళ్లు ఎందరో, వాళ్ల నాన్న ఆడేది అక్కడే గనక. మనవాళ్లకు గుర్తుండే పేరు సత్నామ్ సింగ్. పంజాబ్‌లోని బల్లో కే గ్రామం నుంచి ఫ్లోరిడా అకాడమీకి వెళ్లి, కాలేజీ ఆడకుండానే 2015లో 52వ స్థానంలో డాలస్‌కు ఎంపికయ్యాడు. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. ఎన్‌బీఏ మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు గానీ, మన తెలుగువాళ్లు ఇంతమంది ఇళ్లు కొనుక్కున్న ఫ్రిస్కోలోనే డాలస్ అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్‌కు ఆడాడు.

ఇక తేదీల గొడవ. కాలేజీ ఆటగాళ్లు పేరు ప్రచారం మీద డబ్బు సంపాదించుకోవచ్చని 2021 జూలైలో అనుమతించారు. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా చెల్లిస్తున్నాయి. దాంతో మొదటి రౌండ్ చివరన ఉండేవాడికి డ్రాఫ్ట్ కంటే కాలేజీయే లాభసాటిగా కనిపిస్తోంది. యాక్సెల్ లెండెబోర్గ్ 2025లో డ్రాఫ్ట్‌కు పేరిచ్చి, మే నెలాఖరు గడువు దగ్గర వెనక్కి తీసుకుని మిషిగన్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఆ గడువు దాటకముందు ఇరవయ్యో స్థానం నుంచి కింద రాసిందంతా నీటి మీద రాతే.

ఈ పని మీద నిజంగా మనసుంటే మైక్ ష్మిట్జ్ గురించి తెలుసుకోవాలి. డ్రాఫ్ట్ఎక్స్‌ప్రెస్‌లోనూ ఈఎస్‌పీఎన్‌లోనూ కుర్రాళ్ల ఆట వీడియోలు విడదీసి చెబుతూ పేరు తెచ్చుకున్నవాడు. 2022లో పోర్ట్‌లాండ్ సహాయ జనరల్ మేనేజర్‌గా తీసుకుంది. 2025లో అదే పోర్ట్‌లాండ్ తన పదకొండో వంతు మెంఫిస్‌కిచ్చి పదహారుకు దిగి, చైనా సెంటర్ యాంగ్ హాన్సెన్‌ను తీసుకుంది. మాక్ డ్రాఫ్టులు ఎక్కువగా రెండో రౌండ్‌లో రాసిన పేరు అది. ఒకప్పుడు జాబితాలు చెప్పినవాడు కూర్చున్న గదే జాబితాలన్నింటినీ తప్పించింది!

డబ్బు పందేల వైపు మాత్రం చూడొద్దు. ఆంధ్రలో ఆన్‌లైన్ బెట్టింగ్‌ను 2020లోనే నిషేధించారు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025లో కేంద్ర చట్టం వచ్చింది. చట్టం అటుంచితే, లోపలి కబురు తెలిసినవాళ్లతో పందెం కాయడం తెలివైన పని కాదు. ఓర్లాండో బాంచెరోను తీసుకున్న రాత్రే అందుకు సాక్ష్యం.

రెండో జాబితా ఇలా రావాలి. ప్రతి స్థానానికి ఒక్క పేరు కాదు, మూడు పేర్లు, పక్కన శాతాలు, వాటి మొత్తం వంద దాటకూడదు. మూడింటిలో ఎవరూ కాకపోవచ్చనిపిస్తే ఆ మిగులును 'ఇతరులు' అని రాయాలి. ప్రతి పేరుకు కారణం ఒక్క వాక్యంలో: జట్టు అవసరమా, ఆఫీసు అలవాటా, వర్కౌట్ కబురా, పుకారా. డ్రాఫ్ట్ ఇక్కడ రాత్రి ఏడింటికి మొదలైతే అక్కడ తెల్లవారి అయిదున్నర. అంతకు ముందు రోజు రాత్రికల్లా మెయిల్ చేయాలి, తర్వాత దిద్దడానికి వీల్లేకుండా. అయ్యాక ఏ రకం కారణం ఎన్నిసార్లు నిజమైందో లెక్కేస్తే, వచ్చే ఏడు దేన్ని నమ్మాలో తెలుస్తుంది. పుకారు గడిలో పెద్ద సున్నా వస్తుందని మావయ్య అంచనా.

మే గడువు దాటేదాకా ఆ చివరి పది పేర్ల జోలికి వెళ్లకుండా సెమిస్టర్ సంగతి చూడు. అమ్మకు, నాన్నకు నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య