రక్షణ విజ్ఞానం చదవాలంటే ఏ కళాశాల?

మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. ఏ కాలేజీ మంచిదో చెప్పేవారూ లేరు. అందుకే ఎం.పి.సి. చదివే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇది రాస్తున్నాను.

బోర్డు మీద 'డిఫెన్స్' అని ఉందని అప్పుచేసి ఫీజు కట్టకండి. మన ఎచ్చెర్లకు దగ్గరలోనే, విశాఖలో 1969లో నెలకొల్పిన ఎన్.ఎస్.టి.ఎల్.లో టార్పెడోలు రూపొందిస్తారు. ఆ పనికి కావలసినవి మెకానికల్, ఎలక్ట్రానిక్స్, భౌతికశాస్త్రం వంటి మామూలు సబ్జెక్టులే. కాబట్టి ల్యాబు తెరుస్తారా, మాస్టార్లు ఉన్నారా అని అక్కడి సీనియర్లను అడగండి. బి.టెక్. అయితే ఏ.ఐ.సి.టి.ఈ. అనుమతి చూడండి. ప్రత్యేక చదువు తరువాత ఎలాగూ ఉంది: గేట్ రాసి పుణెలోని రక్షణశాఖ సంస్థ డి.ఐ.ఏ.టి.లో ఎం.టెక్. చేయవచ్చు.

సైన్యంలోనే చేరాలనుకుంటే ఎన్.డి.ఏ. ఉంది. చదువు ఖర్చు ప్రభుత్వానిదే, డిగ్రీ జె.ఎన్.యూ.ది. 2022 నుంచి అమ్మాయిలనూ చేర్చుకుంటున్నారు. పందొమ్మిదిన్నర ఏళ్ళు దాటితే అవకాశం లేదు, ఇంటర్‌లోనే దరఖాస్తు పెట్టండి.