కథలోని ముఖ్యభావము
(సండేస్కూలు ఉపాధ్యాయులకు)

గొఱ్ఱెలను మేపు మన చేజర్ల ప్రాంతపు పిల్లలకు నాతాను చెప్పిన కథ (2 సమూయేలు 12) వెంటనే మనస్సున కెక్కును. అది దేనిని గూర్చినదని అడిగినచో, గొఱ్ఱెపిల్లను గూర్చి అందురు. అది కథలోని సంగతియే గాని భావము కాదు. మందలున్న ధనవంతుడు బీదవాని ఒక్క పిల్లను ఏల పట్టుకొనెను? ఈ కథ ఎవరికి, ఎందుకు చెప్పబడెను? ఇట్లడిగి కొంతసేపు ఊరకుండవలెను. మనమే తొందరపడి జవాబు చెప్పివేయుచున్నాము. దావీదు సహితము ఆ ధనవంతునిపై మండిపడెనే గాని, అది తన కథయేనని నాతాను చెప్పువరకు గ్రహింపలేదు.

పద్యములకును ఇదే త్రోవ. జాషువ కవి 1941లో ప్రకటించిన 'గబ్బిలము' ఒక జంతువు వర్ణన కాదు. గుడిలోనికి గబ్బిలము పోవచ్చును. దానిచేత శివునికి మొర పంపుకొను మనుష్యుడు పోరాదు. ఎందుచేత? పెద్ద తరగతి పిల్లలను అడిగి చూడుడని కోరుచున్నాము.